గుమ్మం దగ్గర అర నిమిషం: ఒక ఆటోనగర్ కుటుంబంతో పది వారాల పని

"ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో గుర్తు లేదండీ." కౌన్సెలింగ్‌కి వచ్చిన ఇల్లాలు చెప్పిన మొదటి మాట ఇది. ఆమె భర్తకు 54 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల రిపేరు షెడ్డు, అందులో ఆరుగురు పనివాళ్లు. ఇల్లు పటమటలో. ఇంట్లో ఆయన తల్లి, 77 ఏళ్లావిడ. బీటెక్ చదివి రెండేళ్లుగా షెడ్డు లెక్కలు చూస్తున్న కొడుకు. వీళ్లను పంపింది ఆయనకు బీపీ మందులిచ్చే డాక్టరు. బీపీ అదుపులోనే ఉంది. తలనొప్పి, అరకొర నిద్ర, రోజంతా చిరాకు మాత్రం పోవడం లేదు. ఏడాదిలో ఇద్దరు పని మానేశారు. వాళ్లలో ఒకాయన పన్నెండేళ్లుగా ఉన్న వెల్డర్. భర్త వాదన ఒక్కటే: "నేను రోజూ జోకులేస్తూనే ఉంటాను. వీళ్లకే నవ్వడం రాదు."

ఇది ఒక్క కుటుంబం కథ కాదు. ఒకే పోలిక ఉన్న కొన్ని కేసుల వివరాలు కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా మార్చి కట్టిన కేసు. అంకెలను కూడా అలాగే, ఇలాంటి ఇంట్లో సాధారణంగా కనపడే తీరుకు నమూనాగానే చూడాలి.

ఉల్లాసం పుట్టుకతో వచ్చే గుణమని మన ఇళ్లలో గట్టి నమ్మకం. "ఆయన తీరే అంత" అనేసి వదిలేస్తారు. విడదీసి చూస్తే ఆ తీరులో చెవి ఉంటుంది, ఖాళీ కడుపు ఉంటుంది, రోజులో కొన్ని గడ్డు వేళలుంటాయి, నోటికి అలవాటైపోయిన కొన్ని మాటలుంటాయి. వీటిలో ప్రతిదాన్నీ పట్టుకుని సరిచేయవచ్చు.

ముందు జబ్బు కాదని తేల్చుకోవాలి

నవ్వు పోయిన ఇంటికి నవ్వు నేర్పబోయే ముందు, అది డిప్రెషనా అని అడగాలి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం గడిచిన రెండు వారాల సంగతి అడుగుతుంది. మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే మానసిక వైద్యుల పరీక్ష అవసరం. మొత్తం ఎంత తక్కువ వచ్చినా తొమ్మిదో ప్రశ్నకు, అంటే చనిపోవాలన్న ఆలోచన గురించిన ప్రశ్నకు, సున్నా కాక వేరే జవాబు వస్తే అక్కడే ఆగి నేరుగా మాట్లాడాలి. ఈయనకు 8 వచ్చింది, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. మద్యం అలవాటు లేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగరు పరీక్షలు ఫిజీషియనే చేయించారు, అన్నీ సరిగానే ఉన్నాయి. గురక ఉందని భార్య చెప్పింది కాబట్టి దానికి విడిగా పంపాం.

అసలు సంగతి మాటల మధ్యలో దొరికింది. భార్య పక్కకు తిరిగి మాట్లాడినప్పుడల్లా ఆయన కనుబొమలు ముడిపడుతున్నాయి, మెడ ముందుకు వస్తోంది. ఎదురుగా ఉండి మాట్లాడితే ఆ ముడి విడిపోతోంది. ఈఎన్‌టీ దగ్గర వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ తీయిస్తే రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని కీచు శబ్దాల దగ్గర, గ్రాఫు దిగిపోయింది. ఏళ్ల తరబడి చప్పుడులో పనిచేసిన చెవికి ఉండే గుర్తు అది. గ్రైండరు, రేకు మీద సుత్తి దెబ్బలు, కంప్రెసరు ఆయనకు ముప్పై ఏళ్ల సావాసం. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటిన చప్పుడు చెవికి హాని అని అమెరికాలోని నియోష్ సంస్థ హద్దు పెట్టింది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఉండదగిన సమయం సగానికి పడిపోతుంది. ఇనుము మీద ఆడే గ్రైండరు ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది.

ఇలాంటి చెవుడులో మాట అసలు వినపడకపోవడం ఉండదు. అచ్చులు వినిపిస్తాయి, స, ష, చ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. మాట వినిపిస్తుంది, ఏం మాటో తెలియదు. మన భాషలో చతురంతా మాట చివర తిప్పే విరుపులో, గబుక్కున గొంతు తగ్గించి అనే నాలుగు ముక్కల్లో ఉంటుంది. ముందు పోయేది సరిగ్గా అదే. కొడుకూ పనివాళ్లూ ఏదో అనుకుని నవ్వుతుంటే తన మీదే నవ్వుతున్నారని ఈయన అనుకుంటున్నారు. వినడానికి పడే కష్టంతో ముడుచుకున్న ఆయన ముఖాన్ని చూసి వాళ్లు కోపమనుకుంటున్నారు. పన్నెండేళ్ల వెల్డరు మానేయడంలో ఈ ముఖం పాత్ర ఎంతో ఎవరూ కొలవలేరు గానీ, ఉందనే మా అంచనా.

వారం రోజుల చిట్టా

జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి. రోజులో నాలుగు వేళలు మాత్రమే రాయాలి: పొద్దున లేచిన అర గంట, షెడ్డులో అడుగుపెట్టాక, క్యారియర్ వచ్చే మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఇంటికి చేరాక పావుగంట. ఎవరైనా చిన్న మాటేదో కలిపితే ("ఇవాళ ఎండ చూశారా", "ఈ మామిడికాయ పులుపు చూడండి") ఆయన దాన్ని అందుకున్నారా, వదిలేశారా, కసిరారా అని ఒక గీత గీయాలి. ఇంత చిన్న మాటల్నే ఎందుకు లెక్కపెట్టాలంటే, ఇంటి వాతావరణం నిలబడేది వాటి మీదే. దంపతుల మాటల తీరును దశాబ్దాలు పరిశీలించిన జాన్ గాట్‌మన్ చెప్పిన లెక్క ఒకటి మాకు రోజూ పనికొస్తుంది. వాదన జరుగుతున్నప్పుడు కూడా నిలకడైన జంటల్లో ఒక చేదు మాటకు ఐదు మంచి మాటలో చేష్టలో ఉంటాయట.

మొదటి వారం చిట్టాలో 41 గీతలున్నాయి. అందుకున్నవి 9, వదిలేసినవి 20, కసిరినవి 12. కసుర్లు రోజంతా పరుచుకుని లేవు. మధ్యాహ్నం క్యారియర్ వేళకు కొన్ని, రాత్రి గుమ్మం దాటిన మొదటి పావుగంటలో మిగతావన్నీ. మొదటి గుంపుకు కారణం తేలిగ్గా దొరికింది: పొద్దున టిఫిన్ లేదు, ఒంటిగంటలోపే నాలుగు టీలు. రేకుల షెడ్డు కింద, రోహిణి కార్తె ఎండలో, ఖాళీ కడుపుతో ఎవరికైనా నోరు జారుతుంది. రెండో గుంపుకు కారణం ఇంటివాళ్లది. ఆయన చెప్పులు విడవకముందే మూడు ప్రశ్నలు ఎదురొస్తున్నాయి: గ్యాస్ బుక్ చేశారా, అమ్మ మాత్రలు తెచ్చారా, ఫలానా పార్టీ డబ్బు వేశాడా.

జోకుల్ని వేరే పేజీలో రాయమన్నాం. వారానికి 14 వచ్చాయి. వాటిలో 11 ఎదుటి మనిషి మీదే: హెల్పర్ పొట్ట, కొడుకు బ్యాక్‌లాగులు, భార్య పుట్టింటివాళ్ల పెట్టుపోతలు.

పరాచికమా, ఎత్తిపొడుపా

ఈ పనిలో ఎక్కువ సమయం పట్టిందీ, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇక్కడే.

మనస్తత్వ శాస్త్రంలో రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు తీరులుగా కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. నలుగురినీ దగ్గర చేసేది, కష్టంలో తనను తాను తేలికపరుచుకునేది, ఎదుటివాణ్ని పొడిచేది, తనను తాను చులకన చేసుకునేది. మన భాషలో ఈ తేడాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పరాచికం, చతురు, వేళాకోళం ఒక వైపు; వెటకారం, ఎకసెక్కం, ఎత్తిపొడుపు, దెప్పు ఇంకో వైపు. ఆ పేర్లు పెట్టి అడిగినప్పుడే ఆయనకు విషయం అర్థమైంది. "మీ హాస్యం దూకుడుగా ఉంది" అంటే ఎదురు వాదించారు. "ఇది పరాచికమా, ఎత్తిపొడుపా?" అంటే ఆలోచించి, "ఎత్తిపొడుపే" అన్నారు.

తేడా కనిపెట్టడానికి మేం ఇచ్చే పరీక్ష చిన్నది: మాట పడ్డ మనిషి తిరిగి ఒక మాట వేశాడా? వేసి, ఆట సాగిందా? అయితే అది పరాచికం. పెదవులు బిగించి ఒక నవ్వు నవ్వి పనిలో తల దించుకున్నాడా? ఎత్తిపొడుపు. చుట్టుపక్కలవాళ్లు నవ్వారన్నది లెక్కలోకి రాదు. జీతమిచ్చే మనిషి జోకుకు ఆరుగురూ నవ్వుతారు.

వరసను కూడా చూడాలి. బావామరుదులు, వదినామరదళ్ల మధ్య మన సమాజం పరాచికానికి లైసెన్సు ఇచ్చింది. ఎంత మాటన్నా చెల్లుతుంది, ఎందుకంటే అవతలివాళ్లకీ అదే హక్కుంది. ఓనరుకూ హెల్పరుకూ మధ్య ఆ హక్కు రెండు వైపులా లేదు. పదిమందిలో తండ్రికీ కొడుకుకీ మధ్య కూడా లేదు. తిరిగి మాట అనలేనివాడి మీద వేసే జోకు, ఎంత తేలికైనదైనా, బరువుగానే పడుతుంది. "నవ్వు నాలుగు విధాల చేటు" అన్న సామెతను చూపించి చాలామంది పెద్దవాళ్లు నవ్వునే తప్పు పడతారు. ఆ సామెత హెచ్చరించేది ఇలాంటి నవ్వు గురించేనని మేం చెబుతాం.

అందుకని మూడు విషయాల మీద జోకు పూర్తిగా బంద్: ఒళ్లు, చదువు-సంపాదన, పుట్టిన ఊరు-కులం-పుట్టిల్లు. మిగిలిన లోకమంతా ఉంది. స్టార్టవని లారీ ఉంది, కరెంటు ఉంది, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ ఉంది, ఎండ ఉంది. అందరి మీదా ఒకేలా పడే కష్టం మీద వేసిన చతురుకు పడినవాడు అంటూ ఎవడూ ఉండడు.

కొత్త జోకులు నేర్చుకోవాల్సిన పనే లేదు. బజార్లలో, మాల్‌లలో మనుషులు సహజంగా నవ్విన సందర్భాల్ని రాసుకున్న రాబర్ట్ ప్రొవైన్, ఆ నవ్వుల్లో జోకులాంటి మాట తర్వాత వచ్చినవి ఐదో వంతుకు మించవని చూపించాడు. మిగతావన్నీ "అయితే వెళ్తాను మరి" లాంటి మామూలు మాటల వెంట వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటికంటే మనుషుల మధ్య నవ్వే అవకాశం ముప్పై రెట్లు ఎక్కువని కూడా ఆయన లెక్క. చతురు రానివాడికి కూడా నలుగురి మధ్య కూర్చునే వేళ దొరికితే చాలు.

చేసిన పని

చెవితో మొదలుపెట్టాం. ఈఎన్‌టీ గులిమి తీయించి, వినికిడి యంత్రం రాశారు. షెడ్డులో అందరికీ ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు. దాన్ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చి, అది ఉబ్బేవరకు 20–30 సెకన్లు వేలితో పట్టుకోవాలి. ఊరికే దూరిస్తే సగం బయటే ఉండిపోతుంది, చప్పుడు ఆగదు. "ఇవి పనిచేయవు" అని పారేస్తారు. ఇంట్లోవాళ్లకు మూడు నియమాలు: ముందు పిలవాలి, ఎదురుగా రావాలి, టీవీ తగ్గించి మాట్లాడాలి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఆయన "ఏంటీ?" అని అడిగితే "ఏం లేదులే" అనకూడదు. చెవి తగ్గిన మనిషిని ఇంట్లో ఒంటరిని చేసే మాట అదే. జోకు రెండోసారి చెబితే చప్పబడుతుంది, నిజమే. అయినా చెప్పాలి.

తిండి: ఎనిమిదిన్నరలోపు మూడు ఇడ్లీలో ఒక పెసరట్టో. పదకొండుకు నాలుగో టీ బదులు పెద్ద గ్లాసుడు మజ్జిగ. బీపీ ఉంది కాబట్టి ఉప్పు పేరుకే. రోజుకు టీలు ఏడు నుంచి మూడుకి, సాయంత్రం నాలుగు తర్వాత ఒక్కటీ లేదు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది కాబట్టి, ఏడింటికి తాగిన టీ నిద్ర వేళకు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

షెడ్డులో తొమ్మిదింపావుకు ఒక చుట్టు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, పని కాని సంగతి ఒకటి అడగాలి. అప్పు, పెళ్లి, జీతం గురించి కాకూడదు. ఆరుగురికీ మనిషికి ఇరవై సెకన్లు, మొత్తం రెండు నిమిషాలు. తప్పు దొరికితే పక్కకు పిలిచి చెప్పాలి, "కళ్లు కనపడట్లేదా" కాదు, "ఈ అతుకు ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం రా."

రాత్రి గుమ్మం. బండి స్టాండు వేశాక అర నిమిషం అక్కడే నిలబడాలి. భుజాలు దించాలి, నుదురు సడలించాలి. లోపలికి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని ముందు తల్లి దగ్గర కూర్చోవాలి. ఆవిడ అభిప్రాయం చెప్పగలిగే సంగతి ఒకటి తేవాలి: "మార్కెట్లో ఆవకాయ కాయలు వచ్చాయమ్మా, ఏవి తెమ్మంటావు?" ప్రశ్నలు, బిల్లులు ఇంటివాళ్లు ఫ్రిజ్ మీది కాగితం మీద రాసిపెడతారు. తొమ్మిదిన్నరకు పావుగంట కూర్చుని ఆ కాగితం చదువుతారు. ఆ వేళ కచ్చితంగా రావాలి. రాకపోతే రెండో రోజుకే ప్రశ్నలు మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చేస్తాయి.

దెబ్బతిన్న చోట్లు

మొదటి వారంలోనే చిట్టా చార్జిషీటైంది. భార్య ఆయన కసుర్లు రాసిపెట్టి రాత్రి చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఎవరి గీతలు వాళ్లే గీసుకోవాలి, ఎవరిది ఎవరూ చదవకూడదు అని మార్చాం. మొదటే అలా చెప్పాల్సింది.

రెండో వారంలో షెడ్డు బెదిరింది. ఉన్నట్టుండి ఓనరు పేరుపెట్టి పిలిచి పిల్లల సంగతి అడిగితే, షెడ్డు అమ్మేస్తున్నాడనో జీతాలు ఆపుతాడనో పుకారు లేచింది. మోతాదు ఎక్కువైంది. చుట్టును నాలుగు రోజులు ఆపి, ఆయన చేత ఒక్క నిజం చెప్పించాం: "నాకు చెవులు తగ్గాయట. మీరు చెప్పేది సగం వినపడక ముఖం అలా పెడుతున్నానట. గట్టిగా, ఎదురుగా వచ్చి చెప్పండి." మిగతా కిటుకులన్నీ కలిపి చేయలేని పని ఈ మూడు వాక్యాలు చేశాయి.

మూడో వారంలో అద్దం ముందు నవ్వడం సాధన చేయమని ఎవరో చెప్పారని ఆయన అదే చేస్తూ వచ్చారు. ఆపించాం. నిజమైన నవ్వులో పెదవి కొసలతో పాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుందని ఫ్రెంచి వైద్యుడు డూషెన్ 1862లోనే రాశాడు; ఆ రెండోది పిలిస్తే పలకడం చాలామందికి కష్టం. ముఖం నవ్వినట్టు సాగేలా పెన్ను పళ్ల మధ్య పెట్టుకుంటే కార్టూన్లు ఎక్కువ సరదాగా అనిపిస్తాయన్న 1988 నాటి ప్రయోగాన్ని 2016లో పదిహేడు ల్యాబులు తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. నవ్వు ముఖం మీద తెచ్చిపెట్టుకుంటే లోపల దానంతటదే వస్తుందన్న భరోసా ఇవ్వలేం. పైగా రోజంతా పూసుకున్న నవ్వుతో మనిషి అలసిపోతాడు. నుదురు సడలితే చాలు, చూపు కలిస్తే చాలు అన్నాం.

లాఫింగ్ క్లబ్బు సంగతి కూడా అడిగారు. మదన్ కటారియా అనే డాక్టరు 1995 మార్చిలో ముంబై పార్కులో ఐదుగురితో మొదలుపెట్టిన పద్ధతి అది. పొద్దున్నే నలుగురితో గాలి పీల్చడానికి మంచిదే. హెర్నియా, ఈమధ్య పొట్ట ఆపరేషన్, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా వెళ్లకూడదు. ఈ ఇంటికి అది అవసరం అనిపించలేదు. పార్కులో నవ్వి వచ్చి గుమ్మం దగ్గర కసిరితే ఇంటికి మిగిలేది కసురే.

నాలుగో వారంలో తెనాలిలో భార్య మేనమామ పోయారు. వాతావరణం తేలికపరుద్దామని ఈయన అక్కడ ఒక సరదా మాటన్నారు. ఆమె పది రోజులు మాట్లాడలేదు. చావింట్లో ఉల్లాసమంటే కుర్చీలు వేయించడం, వచ్చినవాళ్లకు కాఫీ అందించడం, స్టేషన్‌కి బండి తీసుకెళ్లడం. పోయినాయన గురించిన సరదా జ్ఞాపకాలు ఆ ఇంటివాళ్లు ఎత్తితే వినాలి. మనం ఎత్తకూడదు.

అన్నిటికంటే గట్టి ముడి కొడుకు. "ఇన్నేళ్లూ అందరి ముందూ వెక్కిరించి ఇప్పుడు నవ్వుతూ పలకరిస్తే నేనూ నవ్వాలా?" అన్నాడు. ఆ అబ్బాయి మాట న్యాయం. బాకీ తీర్చకుండా తెచ్చిన ఉల్లాసం పాత గాయాన్ని తుడిచేసి రమ్మనడమే. క్షమాపణకు కొలతలిచ్చాం: ఏ మాట, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో చెప్పాలి, "కానీ" అన్న మాట రాకూడదు, ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే చెప్పాలి. ఏడో వారం శనివారం, సాయంత్రం టీ వేళ, షెడ్డులో ఆరుగురి ముందు చెప్పారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. కొడుకు ఏమీ అనలేదు. ఆ రాత్రి తొమ్మిదిన్నర కాగితం మాత్రం తనే తీసి చదివాడు.

పది వారాలకు

చిట్టాలో 44 గీతలు: అందుకున్నవి 27, వదిలేసినవి 12, కసిరినవి 5. మనుషుల మీద జోకులు 11 నుంచి 3కి దిగాయి. పీహెచ్‌క్యూ-9 మార్కు 8 నుంచి 4. బీపీ మాత్ర అదే మోతాదు. అది తగ్గిందని ఈ పనికి పేరు తేవడం లేదు. ఇంకో హెల్పరు మానేశాడు, హైదరాబాద్‌లో జీతం ఎక్కువని. పాత వెల్డరు తిరిగి రాలేదు.

ఇదే పద్ధతి ఎక్కడ వాడకూడదో కూడా రాయాలి. కొట్టే, బెదిరించే మనిషి ఉన్న ఇంట్లో భార్యకు "నువ్వు నవ్వుతూ ఎదురెళ్లు" అని చెప్పడం ఆమెను ప్రమాదంలోకి నెట్టడమే. అక్కడ ముందు భద్రత. మహిళల హెల్ప్‌లైన్ 181. డిప్రెషన్‌లో ఉన్న మనిషితో "సరదాగా ఉండు" అంటే అతనికి నేరభావం ఒకటి కొత్తగా కలుస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, పగలూ రాత్రీ.

మూడు నెలల తర్వాతి పరిశీలనకు రెండు పనులు మిగిలాయి. వినికిడి యంత్రాన్ని ఆయన ఇంట్లో పెట్టుకుంటున్నారు; షెడ్డులో దుమ్ముకీ చప్పుడుకీ తీసేస్తున్నారు, కాబట్టి క్యారియర్ వేళకైనా పెట్టుకునేలా ఆఫీసు గదిలో డబ్బా ఏర్పాటు చేయాలి. రెండోది తల్లి సంగతి. గుమ్మం దగ్గరి అర నిమిషం అలవాటయ్యాక ఆవిడ కొడుకు కోసం రోజూ ఒకే కథ దాచి ఉంచుతోంది: కృష్ణా పుష్కరాల్లో ఆయన చిన్నప్పుడు తప్పిపోయి, పప్పుండ తింటూ దొరికిన కథ. "చెప్పావులే అమ్మా" అని కొడుకు నోటి దాకా వస్తోంది. అక్కడ ఆ మాట బదులు ఏం అడగాలో తొమ్మిదిన్నర కాగితం మీద మనవడు రాసిపెట్టాడు: "పప్పుండ ఎవరు కొనిచ్చారమ్మా?" దానికి ఆవిడ జవాబు రోజుకొకటిగా మారుతోంది.